గోదావరికి అవ్వలి గట్టు
(తర్రెము – భోపాలపట్టణ సీమల పూర్వాపరములు)

దేశచరిత్ర యనగానే మనకు మొదట రాజధానులు స్ఫురించును. ఓరుగల్లు, విజయనగరము, గోలకొండ, రాజమహేంద్రవరము – ఇట్టి నగరముల చరిత్ర వ్రాయువానికి శాసనములు, కావ్యములు, కైఫీయతులు, విదేశ యాత్రికుల లేఖనములు తోడ్పడును. రాజ్యపుటంచున నొదిగియున్న చిన్న ఊరికి అంతటి సామగ్రి యుండదు. అయినను, రాజ్యము ఎక్కడ ముగియునో అక్కడ కాపురముండువానికన్న రాజ్యముయొక్క స్వభావమును బాగుగా నెరిగినవాడు మరియొకడు లేడు. అట్టి యొక సీమను గూర్చి, తెలుగువారమైన మనకు చుట్టరికము గలిగియు చాలవరకు మరుగున పడిన సీమను గూర్చి, ఈ సంచికలో నాలుగు మాటలు చెప్పదలచితిని.

ఉనికి

ఛత్తీస్‌గఢ్ రాష్ట్రమునకు నైరృతి మూలను బీజాపూరు జిల్లా కలదు. కర్ణాటకములో ఆదిల్‌షాహీల రాజధానియైన విజాపురము వేరు, ఇది వేరు. 2007లో దంతెవాడ జిల్లానుండి విడదీయబడిన ఈ జిల్లాకు బీజాపూరు, భైరంగఢ్, ఉసూరు, భోపాలపట్టణము అను నాలుగు విభాగములున్నవి. 2011 జనాభా లెక్కల ప్రకారము జిల్లా మొత్తము జనసంఖ్య సుమారు 2 లక్షల 55 వేలు మాత్రమే. మన కోస్తా జిల్లాలలో ఒక్కొక్క పట్టణమునకే అంతకు మించిన జనము గలదు.

జిల్లా పడమటి కొసను, గోదావరీ ఇంద్రావతుల కూడలికి చేరువలో, భోపాలపట్టణము అను చిన్న పట్టణమున్నది. హైదరాబాదునుండి ఓరుగల్లు, ములుగు, ఏటూరునాగారముల మీదుగా గోదావరిని దాటి వచ్చు 163వ జాతీయ రహదారి ఇచ్చటనే ముగియును. నిజామాబాదు, సిరొంచల వైపునుండి జగదల్పురమునకు పోవు 63వ రహదారియు ఈ ఊరిమీదుగనే సాగును. కనుక భోపాలపట్టణము మూడు రాష్ట్రముల త్రోవలు కలియు చోటు.

జిల్లా తూర్పు కొసను, సుకుమా జిల్లా పొలిమేరను ఆనుకొని, ఉసూరు విభాగములో తర్రెము అను పల్లె యున్నది. బీజాపూరునుండి ఆవపల్లి, బాసగూడ దాటి తర్రెము మీదుగా పోవు బాట సిల్గేరు చేరి, జగర్‌గొండ వైపు సాగును. పత్రికలలో తర్రెము పేరు 2021కి పూర్వము చూచినవారు మనలో తక్కువ. ఆ యేటి విషాదమును గూర్చి తరువాత చెప్పెదను. ముందుగా నేలను, నీటిని చూతము.

నదులు, అడవులు

బస్తరు సీమ రెండు మెట్లుగా నున్నది. ఈశాన్యమున జగదల్పురముండు పీఠభూమి సముద్రమట్టమునకు సుమారు 550 మీటర్ల ఎత్తున గలదు. ఒడిశాలోని కలహండి కొండలలో పుట్టిన ఇంద్రావతి ఆ పీఠభూమిమీద నిదానముగా నడచి, చిత్రకూట జలపాతమువద్ద ఒక్కమారుగా దాదాపు 30 మీటర్ల లోతునకు దుమికి, బారసూరు ప్రక్కగా పడమటికి సాగి, పిమ్మట దక్షిణమునకు మరలి, భోపాలపట్టణ ప్రాంతమున గోదావరిలో కలియును. ఈ సంగమముచెంత భద్రకాళి యను గ్రామమును, అమ్మవారి ఆలయమును ఉన్నవి. ఒక గట్టున ఛత్తీస్‌గఢ్, ఒక గట్టున మహారాష్ట్ర, ఎదుట తెలంగాణము.

రెండవ మెట్టు ఈ దక్షిణపు పల్లము. దీనికిని పై పీఠభూమికిని నడుమ బైలడిల్లా కొండలు అడ్డుగోడవలె నిలిచినవి. ఎద్దు మూపురమును పోలియుండుటచే ఆ పేరు వచ్చినదందురు. అక్కడి ఇనుప రాతిగనులు 1968నుండి నడచుచున్న సంగతియు, వానిని నడపు కేంద్రప్రభుత్వ సంస్థ ప్రధాన కార్యాలయము హైదరాబాదులోనే యున్న సంగతియు మన సభ్యులలో పెక్కురకు తెలిసినదే.

ఆ కొండలలో పుట్టి దక్షిణమునకు జారు నీటిపాయలలో తాలిపేరు ముఖ్యమైనది. తర్రెమునకు పోవు బాటలోని బాసగూడ ఈ యేటి యొడ్డుననే యున్నది. ఏరు అక్కడనుండి అడవులలో దిగివచ్చి, తెలంగాణములోని చర్ల మండలమున ప్రవేశించి గోదావరిలో కలియును. చర్లవద్ద పెదమిడిసిలేరుకు చేరువలో దానిమీద ఆనకట్ట గట్టి పొలములకు నీరిచ్చుచున్నారు. అనగా బాసగూడ బిడ్డలు ఈదులాడిన నీరే చర్ల రైతు వరిమడిలో నిలుచును. దేశపటమున రెండు రాష్ట్రములు వేరు రంగులతో కనబడవచ్చును. ఏటికి ఆ రంగులు తెలియవు.

అడవియు ఇచ్చట రెండు విధములుగా మారును. ఉత్తర, తూర్పు బస్తరులో గుగ్గిలపు చెట్లు, అనగా సాలవృక్షములు విస్తారము. గోదావరీ ఇంద్రావతుల లోయలకు దిగిన కొలది టేకు, వెదురు హెచ్చును. ఇప్పపువ్వు, చింతపండు, తునికాకు, చీపురుపుల్లలు ఏరి వారపు సంతలో నమ్ముకొనుట జనులకు చిరకాలపు జీవనాధారము. ఒకప్పుడు జగర్‌గొండ సంత చింతపండు బేరమునకు పేరువడసినది.

ఊరిపేర్లు చెప్పు సాక్ష్యము

గ్రంథములు మూగవోయిన చోట ఊరిపేర్లు మాటలాడును. ఈ సీమలోని పేర్లను వరుసగా చదివి చూడుడు: ఆవపల్లి, సంగమపల్లి, గొల్లపల్లి, లింగగిరి, మద్దేడు, పామేడు. ఇవి మన జిల్లాలోని పేర్లు కావని యెవ్వరనగలరు? వీని నడుమనే బాసగూడ, తర్లగూడ, మరాయిగూడ. మరికొంత లోనికి పోగా చింతల్నారు. ఈ కడపటి పేరు మిక్కిలి రమ్యమైనది. ముందు భాగమున తెలుగు చింతలు వినబడుచున్నవి. చివర గోండీలో గ్రామమను అర్థముగల ‘నార్’ అను మాట చేరినది. ఆ ‘నార్’, మన పల్నాడు, వెలనాడులలోని ‘నాడు’ ఒకే ద్రావిడ మూలమునుండి పుట్టినవే. తెలుగును గోండీయు దక్షిణ–మధ్య ద్రావిడమను ఒకే శాఖకు చెందినవని ఆచార్య భద్రిరాజు కృష్ణమూర్తిగారు మొదలగు పండితులు నిరూపించియున్నారు. పొరుగువారమని మనమనుకొనువారు నిజమునకు అక్కచెల్లెండ్ర బిడ్డలు.

ఇచ్చటి జనులలో గోండు శాఖలకు చెందినవారు, అందు దక్షిణమున దోర్లలు, ముఖ్యులు. దోర్లల మాట గోదావరి యొడ్డుననున్న కోయల మాటకు మిక్కిలి దగ్గర. తెలుగు పదములు దానియందు దండిగా దొరలును. పెండ్లి సంబంధములు, జాతరలు, మేనరికములు నది కిరువైపుల నడచుచు వచ్చినవి. భోపాలపట్టణములో తెలుగు బజారు మాటగాను, ఇంటి మాటగాను వినవచ్చును. బడిలోని బాల శిక్ష మాత్రము హిందీలో నడచును. ఇంట ఒక మాట, సంతలో మరియొక మాట, బడిలో వేరొక మాట నేర్చుట ఈ సీమ పిల్లవానికి పుట్టుకతో వచ్చిన భారము; అదే వానికి సంపదయు కావచ్చును, చెప్పువారు చక్కగా చెప్పినచో.

చక్రకోటమునుండి కాకతీయులవరకు

పదకొండవ శతాబ్దమున ఈ దేశమునకు చక్రకోటమని పేరు. ఛిందక నాగవంశ రాజులు ఏలుచుండిరి. వేంగికి పొరుగు రాజ్యమగుటచే ఆంధ్ర చరిత్రలో చక్రకోటము తరచు తారసపడును. కులోత్తుంగ చోళుడు 1070లో సింహాసన మధిష్ఠించుటకు ముందే చక్రకోటముపై దండెత్తి గెలుపొందినట్లు అతని శాసనములు చెప్పుచున్నవి. నాగరాజు జగదేకభూషణ ధారావర్షుని కాలమున, 1060 ప్రాంతమున, అతని సామంతుడును తెలుగుచోడ వంశీయుడునగు చంద్రాదిత్యుడు బారసూరులో చెరువు త్రవ్వించి, శివాలయము గట్టించి, ఆ సంగతిని తెలుగు శాసనముగా చెక్కించెను. నన్నయభట్టు రాజమహేంద్రవరమున భారతము తెనిగించిన శతాబ్దముననే, ఇంద్రావతి యొడ్డున తెలుగు రాతికెక్కినదన్నమాట. తెలుగు గోదావరిని దాటి యెంతదూరము పోయినదో చెప్పుటకు ఈ యొక్క రాయి చాలును.

తరువాతి ఘట్టము మనకందరకు తెలిసిన ఓరుగల్లు పతనముతో మొదలగును. 1323లో ప్రతాపరుద్రుడు ఢిల్లీ సేనలకు చిక్కెను. అతని తమ్ముడు అన్నమదేవుడు గోదావరిని దాటి బస్తరున క్రొత్త రాజ్యము స్థాపించెనని ఆ రాజవంశమువారి సంప్రదాయము. దంతెవాడలోని దంతేశ్వరీ ఆలయమున దిక్పాలదేవుడు 1703లో వేయించిన శాసనము, కాకతి ప్రతాపరుద్రుని తమ్ముడు అన్నమరాజు ఈ వంశమునకు మూలపురుషుడని చెప్పుచున్నది. ఆ శాసనము సంఘటన జరిగిన 380 ఏండ్లకు వేయబడినదగుటచే, చరిత్రకారులు దానిని వంశస్మృతిగా గ్రహింతురేగాని సమకాలిక సాక్ష్యముగా గ్రహింపరు. ఈ భేదము మనము మరువరాదు. కాని ఒక వంశము నాలుగు వందల ఏండ్లపాటు తన పుట్టినిల్లు ఓరుగల్లని చెప్పుకొనుటయు ఒక చారిత్రక సత్యమే గదా!

జనులు చెప్పుకొను కథ ఇంతకన్న కమ్మగా నుండును. దేవి రాజు వెనుక నడచివచ్చుటకు ఒప్పుకొని, వెనుకకు తిరిగి చూడరాదని కట్టడి చేసినదట. ఆమె అందెల రవళిని ఆలకించుచు రాజు ముందు నడచెను. ఒక యేటి యిసుకలో దేవి పాదములు దిగబడి అందెలు మ్రోగకపోగా, అతడు శంకతో వెనుదిరిగెను. ఆమె అక్కడనే నిలిచిపోయినది. సాక్షిగోపాలుని కథ విన్నవారికి ఇది క్రొత్తగా తోచదు. వలసపోయిన జాతి తన దేవతను గూడ వెంటబెట్టుకొని పోవును; ఎక్కడ ఆగునో అక్కడ ఆ యాగుటకొక కథ కల్పించుకొనును.

పడవల కల, చెట్ల పోరు

నాగపూరు భోంసలేల రాజ్యము 1854లో ఆంగ్లేయుల వశమైనది. బస్తరు వారి అజమాయిషీలోనికి వచ్చెను. 1860లో నిజాము గోదావరి ఎడమగట్టు తాలూకాలైన భద్రాచలము, రేకపల్లి, చర్ల, ఆల్బాక, నూగూరు, సిరొంచలను ఆంగ్లేయుల కొప్పగించెను. వానిని కూర్చి సిరొంచ ముఖ్యస్థానముగా ఎగువ గోదావరి జిల్లా యేర్పరచిరి.

ఆ జిల్లా పుట్టుకకు వెనుక ఒక పెద్ద కల యున్నది. ధవళేశ్వరమున ఆనకట్ట గట్టిన కాటన్ దొర, గోదావరిపై పడవలు నాగపూరు ప్రాంతపు ప్రత్తిని సముద్రమునకు చేర్చవలెనని పట్టుపట్టెను. త్రోవలో రాతి తిన్నెలు మూడు ఆటంకములు: దుమ్ముగూడెమువద్ద మొదటిది, ఇంద్రావతి కూడలికి దిగువను ఇచ్చంపల్లివద్ద రెండవది, ప్రాణహితపై దేవలమర్రివద్ద మూడవది. హేగ్ దొర పర్యవేక్షణమున ఆనకట్టలు, లాకులు, కాలువలు మొదలుపెట్టిరి. అమెరికా అంతర్యుద్ధమువలన ప్రత్తికి కరవు వచ్చిన రోజులవి. పనులు సాగుచుండగనే రైలు వచ్చినది, ప్రత్తి రైలెక్కినది. 1871లో ఎగువ గోదావరి పనులు మానివేసిరి. దుమ్ముగూడెము ఆనకట్టయే ఆ కలకు మిగిలిన గుర్తు. ఆ కల ఫలించియున్నచో భోపాలపట్టణము ఒక రేవుపట్టణమై యుండెడిదేమో!

దొరలు ప్రత్తిని గూర్చి యోచించుచుండగా, గుత్తేదారులు చెట్లను గూర్చి యోచించుచుండిరి. 1856–57 ప్రాంతమున లింగగిరి తాలూకాలో ధుర్వారావు నాయకత్వమున దోర్లలు ఆంగ్లేయాధికారమును ధిక్కరించిరి. ఈ లింగగిరి బాసగూడకు పొరుగు, తర్రెము సీమలోనిదే. 1858లో చాందా జిల్లా గోండు జమీందారు బాబూరావు తిరుగబడి ఆ యేడే ఉరికంబమెక్కగా, అతని తోడివాడు వ్యంకటరావు బస్తరు అడవులలో తలదాచుకొనెను, 1860లో పట్టుపడెను. 1859లో భోపాలపట్టణము, ఫోత్‌కేలు, కోటపల్లి, భేజ్జి జమీందారీలలోని కోయలు ఏకమైరి. హైదరాబాదు వర్తకులకు సాలవృక్షములు నరకు గుత్తను ప్రభుత్వ మిచ్చినందులకు అది ప్రతిఘటనము. చెట్టొక్కటి కూలిన తల యొక్కటి కూలునని వారు శపథము పూనినట్లు నేటికిని చెప్పుకొందురు. నాగుల్ దోర్ల పేరు ఆ కథలో ప్రధానముగా వినవచ్చును. తుదకు ఎగువ గోదావరి అధికారి గ్లాస్‌ఫర్డ్ ఆ గుత్తను మాన్పవలసివచ్చెను. ఇతడే 1862లో బస్తరుపై సమగ్రమైన నివేదిక వ్రాసినవాడు. అడవిని కాపాడు ఉద్యమములు ఇటీవలి వింతలని తలచువారు ఈ యేడును గుర్తుంచుకొనవలెను. అర్ధశతాబ్ది గడచిన పిదప, 1910లో, రిజర్వు అడవుల పేర భూములు పోవుచుండగా బస్తరంతటను లేచిన భూమ్‌కాల్ తిరుగుబాటు దీనికి కొనసాగింపే.

మాటిమాటికి మారిన గీత

ఇక ఈ సీమమీద గీయబడిన గీతలను లెక్కింతము. 1860లో నిజామునుండి ఎడమగట్టు ఆంగ్లేయులకు పోయినది. 1874లో ఎగువ గోదావరి జిల్లాయే రద్దయి, భద్రాచలము, రేకపల్లి మద్రాసు రాజధానిలోని గోదావరి జిల్లాకును, తక్కినవి చాందాకును చేరినవి. ఇరువదవ శతాబ్ది మొదటి దశకమున నూగూరు, ఆల్బాక, చర్లలు గూడ మద్రాసుకు వచ్చినవి. 13,062 చదరపు మైళ్ల బస్తరు సంస్థానము 1948 జనవరి 1న భారతదేశమున విలీనమై, కాంకేరుతో కలిసి ఒక జిల్లా అయినది. కేరళకన్న కొంచెము పెద్దదైన జిల్లా అది! 1956లో రాష్ట్రముల పునర్విభజన, 1959లో భద్రాచలము తూర్పుగోదావరినుండి ఖమ్మమునకు మార్పు, 1998లో బస్తరు మూడు జిల్లాలగుట, 2000లో ఛత్తీస్‌గఢ్, 2007లో బీజాపూరు, 2012లో సుకుమా, 2014లో తెలంగాణము.

నూటయేబది యేండ్లలో ఇన్ని మారులు గీత మారినది. ప్రతి మార్పునకు ఒక గెజెటు, ఒక ఫైలు, ఒక పటము. కాని తర్రెములోని గృహస్థు తన పెరటి చింతచెట్టును విడువలేదు. గీతలు కదలినవి, జనము కదలలేదు. 1980లో గోదావరీ జలవివాద న్యాయస్థానపు తీర్పు వెలువడిన పిదప, ఇచ్చంపల్లి, భోపాలపట్టణముల వద్ద పెద్ద ఆనకట్టలు తలపెట్టగా, ఊళ్లు మునుగునని గిరిజనులు ఆందోళన చేసిరి. బాబా ఆమ్టే వంటివారు వారికి తోడునిలిచిరి. ఆ ఆనకట్టలు లేవలేదు.

గీత నిలిచెను, జనము కదలెను

2005లో మాత్రము వ్యవహారము తారుమారైనది. 1980నుండి తెలంగాణము వైపునుండి గోదావరి దాటి నక్సలైటు దళములు ఈ యడవులలో ప్రవేశించియుండెను. వారికి ప్రతిగా 2005 జూనులో, కుట్రు ప్రాంతమున, ప్రభుత్వము వెన్నుదన్నుతో సల్వాజుడుం మొదలైనది. ఇరుప్రక్కల ఆయుధముల నడుమ ఊళ్లు ఖాళీ అయినవి. కొందరు రోడ్డుప్రక్క శిబిరములకు, కొందరు అడవిలోనికి, పెక్కుమంది గోదావరి తీరపు ఖమ్మము, వరంగల్లు జిల్లాల యడవులకు వలసపోయిరి. 2011 జూలై 5న సుప్రీముకోర్టు గిరిజన యువకులకు ఆయుధములిచ్చి పోరుకు దింపుట రాజ్యాంగవిరుద్ధమని తీర్పు చెప్పినది.

అంతటితో దుఃఖము తీరలేదు. 2010 ఏప్రిల్ 6న చింతల్నారుకు చేరువనున్న తాడిమెట్లవద్ద 76 మంది భద్రతా సిబ్బంది హతులైరి. 2012 జూను 28 రాత్రి బాసగూడ ప్రక్కనున్న సార్కేగూడలో 17 మంది గ్రామస్థులు భద్రతాదళముల కాల్పులలో మరణించిరి. వారు మావోయిస్టులనుటకు సాక్ష్యము లేదని న్యాయవిచారణ సంఘము తేల్చినది. 2021 ఏప్రిల్ 3న తర్రెమునుండి బయలుదేరిన దళములపై టేకల్‌గూడ ప్రాంతమున దాడి జరిగి 22 మంది వీరులు నేలకొరిగిరి. ఆ మరుసటి నెల సిల్గేరులో శిబిరమునకు వ్యతిరేకముగా గుమిగూడిన జనులపై కాల్పులు జరిగి ముగ్గురు చనిపోయిరి. తర్రెము పేరు దేశమునకు తెలిసినది ఈ విధముగా. ఆ జవానులు మనవంటి కేంద్రప్రభుత్వోద్యోగులే. ఆ గ్రామస్థులు మనవంటి గృహస్థులే. ఒకరి కన్నీటిని తలచి మరియొకరి కన్నీటిని మరచుట న్యాయము కాదు.

నది దాటి వచ్చినవారిని తెలంగాణమున గొత్తికోయలని పిలుచుచున్నారు. వారి తాతలకు ఈ గట్టున చుట్టములుండిరి. కాని ఇప్పుడు నడుమ గీత యున్నది. మనకందరకు తెలిసిన నిబంధనయే: 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వుననుసరించి గిరిజన తెగల పట్టిక రాష్ట్రము రాష్ట్రమునకు వేరు. ఒక రాష్ట్రమున తెగగా గుర్తింపుగలవాడు మరియొక రాష్ట్రమునకు వలసవచ్చినచో అచ్చటి ఆ హక్కు లతనికి సంక్రమింపవు. 2006 నాటి అటవీ హక్కుల చట్టమునకు 2005 డిసెంబరు 13 గడువు తేదీ. ఆ తేదీ నాటికి అనేకులు దారిలో నుండిరి. విడిచివచ్చిన పొలమున వారు లేరు, చేరిన యడవిలో వారికి పట్టా లేదు. అక్రమముగా తరలింపబడినవారికి ప్రత్యామ్నాయ భూమి నీయవలెనను నిబంధన ఆ చట్టముననే యున్నది. దానిని తెలిసికొని, కాగితము చేతబట్టి, కార్యాలయము మెట్లెక్కుట అడవిలో గుడిసె వేసికొన్నవానికి సులభమా? కొన్ని గ్రామములవారు తరువాతి సంవత్సరములలో స్వస్థలములకు మరలిరి, మరలనివారును పెక్కురున్నారు.

మన కర్తవ్యము

సోదరసోదరీమణులారా, మనలో ఒకరు జనాభా లెక్కలు కూర్తురు, ఒకరు పటములు గీతురు, ఒకరు తపాలా చేరవేయుదురు, ఒకరు ధ్రువపత్రములు పరిశీలింతురు, ఒకరు తుపాకి చేతబట్టి పొలిమేర కాచెదరు. గీతలు గీయుట, గీతలు కాచుట మన యుద్యోగధర్మము. గీతలు లేక పరిపాలన లేదు. కాని ఒక గీత గీచునపుడు దాని క్రింద ఏ యేరు పారుచున్నదో, ఏ భాష వినబడుచున్నదో, ఎవరి మేనత్త యే గట్టున నున్నదో తెలిసియున్నచో, ఆ గీత మనుష్యుని కోయదు.

బారసూరు రాతిమీద తెలుగు అక్షరము చెక్కి సుమారు 960 ఏండ్లైనది. ఆ అక్షరము గోదావరిని దాటి పోవుటకు నాడు ఎవ్వరును ధ్రువపత్రమడుగలేదు. నేడు అవ్వలి గట్టునుండి వచ్చు కోయబిడ్డ మన బడి గడపలో నిలిచినపుడు, వాడు పరాయివాడని యనుటకు ముందు చింతల్నారను పేరు నొక్కమారు పలికి చూతము. అందు సగము మన మాట, సగము వాని మాట. రెండును ఒక తల్లి మాటలే.